ముప్పై ఒకటో కార్డు

మా మేనత్తకు ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగైనా కూడబలుక్కుని చదువుతుంది. కానీ ఆటగాళ్ల కార్డులు సేకరించేవాళ్లు వాడే మాటల్లో నాకు తెలిసిన ప్రతి మాటా ఆవిడ దగ్గరే అర్థమైంది. నేను నిఘంటువు తిరగేసేదాన్ని. ఆవిడ కార్డును చేతిలోకి తీసుకునేది. చాలాసార్లు నేను పేజీ వెతికి పట్టుకునేలోపే ఆవిడకు సంగతి తెలిసిపోయేది.

ఎనభైల మొదట్లో, నేను కాలేజీ చివరి ఏడాదిలో ఉన్నప్పటి మాట ఇది. మేం టాటానగర్‌లో, అగ్రికో కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. అత్త అదే ఊళ్లో సిద్ధగోరాలో ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో ఒక్కర్తీ ఉండేది. మామయ్య తగరం పూసిన రేకులు తయారుచేసే కర్మాగారంలో ఫిట్టరుగా చేసి, జబ్బుపడి పోయాడు. ఆయన పోయాక అక్కడే రేకులు ఏరే గదిలో అత్తకు పని ఇచ్చారు. పిల్లలు లేరు. ప్రతి ఆదివారం పొద్దున్నే అమ్మ ఒక గిన్నెలో కూర పెట్టి నన్ను ఆవిడింటికి పంపేది. నాకు ఆ పని ఇష్టం. అత్త నన్ను మాట్లాడమని బలవంతం చేసేది కాదు. ఊరికే కూర్చుని పుస్తకం చదువుకున్నా ఏమనేది కాదు. పది మందిలో నోరు విప్పలేని నాకు అది పెద్ద సుఖం.

మామయ్య వస్తువుల్లో అత్త ఎవరినీ ముట్టనివ్వనిది ఒక బిస్కట్ల డబ్బా. అందులో నల్ల కాగితాల ఆల్బమ్ ఒకటి, ఒక కవరు, ఒక నోటుబుక్కు ఉండేవి. ఆల్బమ్‌లో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవైన అట్టముక్కలు. వాటికి ఒకవైపు టోపీ పెట్టుకున్న క్రికెట్ ఆటగాడి రంగుల బొమ్మ, రెండోవైపు ఒక నంబరు, ఆయన గురించి నాలుగు ముక్కలు. తెల్లవాళ్ల కాలంలో సిగరెట్టు పెట్టెల్లో ఒక్కొక్కటి చొప్పున పెట్టి అమ్మేవారట. ఎప్పుడో ఇక్కణ్నించి వెళ్లిపోయిన ఒక ఇంజనీరు దొర ఇంటి సామాను సాక్చీ బజారులో పాత సామాన్లవాడి దగ్గర తేలితే, అందులో మామయ్యకు మొదటి పదీ దొరికాయి. మిగతావి ఏళ్ల తరబడి అక్కడా ఇక్కడా వెతికి పోగుచేశాడు. సెట్టు మొత్తం యాభై. ఆయన దగ్గర నలభై తొమ్మిది ఉన్నాయి. నోటుబుక్కు చివరి పేజీలో "కావలెను" అని రాసి కింద కొట్టేసిన నంబర్లు బారుగా ఉన్నాయి. కొట్టెయ్యనిది ఒక్కటే, ముప్పై ఒకటి.

"ఆస్పత్రిలో కూడా దాని గురించే అడిగినాడు," అంది అత్త ఒక ఆదివారం. "ఆ ఒక్కటీ తెచ్చి అందులో ఏసీసి డబ్బా మూసేత్తే నా పని అయిపోద్ది. నువ్వు ఇంగ్లీషు బాగా రాత్తావంట కదేటి?"

నోటుబుక్కులోనే కలకత్తా చిరునామా ఒకటి ఉంది. ఇంగ్లీషు ఆటల పత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ నుంచి మామయ్య చూసి రాసుకున్నది. ఆ చిరునామాలో ఉన్న పెద్దమనిషి ఇలాంటి కార్డులు సేకరిస్తాడని, అదనంగా ఉన్నవి మార్చుకుంటాడని పక్కనే ఉంది. తన ఇంగ్లీషు చూసి నవ్వుతారని మామయ్య ఆయనకు ఎప్పుడూ రాయలేదట. నేను రాశాను. మా దగ్గర ఒకే కార్డు రెండేసి ఉన్నవి, అంటే డబుల్స్, పదకొండు ఉన్నాయని నంబర్లతో సహా రాసి, ముప్పై ఒకటి కావాలని అడిగాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. టైపు చేసిన రెండు పేజీలు. ఆయన దగ్గర ముప్పై ఒకటో కార్డులు రెండున్నాయి. ఒకటి ఇవ్వడానికి సిద్ధమే. మా డబుల్స్‌లో ఏవైనా నాలుగు, "ఫైన్" స్థితిలో ఉన్నవి పంపాలి. తర్వాత అపార్థాలు రాకూడదని తాను ఏ మాటను ఏ అర్థంలో వాడతాడో ఒక పట్టీ కూడా జతచేశాడు. దాన్ని నాలుగుసార్లు చదివాను. ప్రతి మాటా నాకు తెలిసిన మాటే. ఒక్క దానికీ కార్డు మీద అర్థం తెలియదు.

"సదువు," అంది అత్త, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటూ.

"ఫైన్ అంటే బాగున్నది అని, అత్తా."

"బాగున్నదంటే? మీ అమ్మ నన్ను సూసినప్పుడల్లా బాగున్నావా వదినా అంటాది. ఆ బాగా?"

"చాలా బాగున్నది అనుకో."

"ఎవులికి బాగున్నాది? ఉంచుకున్నోడికా, పుచ్చుకున్నోడికా?"

నిఘంటువులో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అత్తే చెప్పింది. ఆవిడ పనిచేసే గదిలో బారుగా బల్లలు, ఎత్తయిన కిటికీలు ఉంటాయి. తగరం పూసిన పల్చటి రేకులు కట్టలుగా వచ్చి బల్ల మీద పడతాయి. ఒక్కో రేకు మూల పట్టుకుని ఎత్తి, వెలుగుకు వాల్చి, రెండు పక్కలా చూసి, ఏ రకానికి ఆ రకం పెట్టాలి. మచ్చ లేనిది ప్రైమ్. చిన్న లోపం ఉన్నా పనికొచ్చేది సెకండ్. పూత సరిగా పడనిది మళ్లీ ముంచడానికి వెనక్కి. మిగతాది తుక్కు.

"మా కాడ ప్రైమ్ అంటే నాకొక్కర్తికీ నచ్చడం కాదే. దాన్ని తీసికెళ్లి డబ్బా సేసుకునేవోడు, నన్ను ఎప్పుడూ సూడనోడు, వాడు కూడా వంక పెట్టకూడదు. మీ కలకత్తా ఆయన ఫైన్ అదే అయుంటాది. కాదేమో కింద ఏటి రాసినాడో సూడు."

చూశాను. అచ్చు అదే రాశాడు, ఇంకాస్త పెద్ద మాటల్లో.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆ పట్టీతోనే గడిచింది. క్రీజ్ అంటే మడత గీత. సాగదీసినా, బరువు పెట్టినా పోదు. అత్త అది విని "రేకు కూడా అంతే, సరి సేసినా ఎలుగులో గీత కనపడిపోద్ది" అంది. ఇంకోచోట "లెయిడ్ డౌన్" అని ఉంది. పడుకోబెట్టడమేమిటో నాకు బోధపడలేదు. అత్త డబుల్స్ పెట్టిన కవరులోంచి ఒక కార్డు తీసి వెనక్కి తిప్పింది. దానికి పాత ఆల్బమ్ కాగితం పెచ్చులు పెచ్చులుగా అంటుకుని ఉంది. ఎవరో జిగురుతో అతికించి తర్వాత పీకినట్టున్నారు.

"ఇదిగో, నీ పడుకోబెట్టి లేపినోడు," అంది. "వీపంతా సూడు, దుప్పటి అంటుకుపోయినట్టు."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

"ట్రిమ్డ్" అనే మాట దగ్గర మాత్రం అత్త నవ్వలేదు. మూలలు అరిగిపోయిన కార్డును అంచుల వెంట సన్నగా కోసేసి, కొత్తదానిలా పదునుగా కనిపించేట్టు చెయ్యడం అని నేను చదివి చెప్పాను. ఆవిడ మొహం ముడుచుకుంది.

"కోసీసి కొత్తదంటారేటి?"

"కొందరు అలా చేస్తారట. అందుకే కొలిచి చూసుకోవాలట."

"కొలవడం ఏల? మొదట పడ్డ అంచు ఏరు, తరవాత పడ్డ అంచు ఏరు. ఏలితో రాత్తే తెలవదేటి?" అని నా బొటనవేలు పట్టుకుని ఒక కార్డు అంచు మీద మెల్లగా నడిపించింది. నాకు అట్ట తగిలింది, అంతే. ఆవిడకు ఇంకేదో తగులుతోందని మొహం చూస్తే తెలిసింది.

ఆ సాయంత్రం డైరీలో ఒక పేజీని నిలువుగా గీత గీసి రెండు భాగాలు చేశాను. ఎడమవైపు కలకత్తా మాటలు, కుడివైపు అత్త మాటలు. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా అంత కచ్చితమైన తెలుగు చూడలేదనిపించింది. ఎడమవైపు మాటకు కుడివైపు మాట ఎక్కడా తక్కువ పడలేదు. కొన్నిచోట్ల ఎక్కువే పడింది. మూలల అరుగుదలకు ఆయన దగ్గర రెండు మాటలుంటే, అత్త దగ్గర మూడున్నాయి.

తర్వాతి ఆదివారం అత్త పంపవలసిన నాలుగింటిని ఏరింది. నేను లైటు వెయ్యబోతే ఆపింది.

"బల్బు కింద అందరూ పెళ్లికూతుళ్లే. కిటికీ తెరు."

పొద్దుటి వెలుగులో నిలబడి, ఒక్కో కార్డునూ రెండు వేళ్ల కొసలతో అంచులు పట్టుకుని, వాల్చి, తిప్పి, మళ్లీ వాల్చింది. ఒక్కోదానికి మూడు నాలుగు క్షణాలు పట్టిందేమో. పెదవులు కదులుతుండేవి గానీ మాట బయటికొచ్చేది కాదు. నాకు అన్నిటికంటే అందంగా కనిపించిన కార్డును, నీలం టోపీ ఆటగాణ్ని, పక్కన పెట్టేసింది. నేను ఊరుకోలేక ఎందుకని అడిగాను. వాల్చి చూపించింది. వెంట్రుకంత గీత ఒకటి బొమ్మ భుజం మీదుగా పోతోంది. ఆ వాలు తప్పితే ఇంకెలా పట్టుకున్నా కనపడదు. పదకొండులో నాలుగే నెగ్గాయి.

తర్వాత ట్రంకుపెట్టె మీదున్న నీలం పెన్సిలు తీసుకుని, ఆ నాలుగింటి వెనకా, ఒక మూల, ముద్దగా, గుండ్రంగా పదిహేడు అని వేసింది.

అది కర్మాగారంలో ఆవిడ నంబరు. ఏరిన కట్ట బల్ల దాటేముందు పై రేకు మీద ఏరిన మనిషి నంబరు పడాలి. ఎక్కడికి పోయినా, ఎవరు విప్పినా, ఇది ఫలానా మనిషి చూసి పంపిందని తెలియాలి. నంబరు లేని కట్టను గేటు దాటనివ్వరు. "నాలుగూ దేనికది ఎల్తాయి కదా, నాలుగిటికీ ఎయ్యాలి," అంది.

ఆ పట్టీలో, కింది నుంచి రెండో వరుసలో, ఫైన్ కార్డు వెనక వైపు శుభ్రంగా ఉండాలని, ఏ రాతా ఉండకూడదని ఉంది. అర్థం చెప్పాల్సిన మాటేమీ లేదని ఆ వరుస నేను అత్తకు చదివి వినిపించలేదు. నాకు గుర్తుంది. ఆ అంకె చూడగానే గుర్తొచ్చింది. కానీ ఆవిడ వేసిన తీరు చూశాక నోరు రాలేదు. పై అధికారి కాగితం మీద సంతకం పెట్టినంత నెమ్మదిగా వేసింది. రబ్బరుతో చెరపవచ్చులే అనుకున్నాను, అదీ చెయ్యలేదు. కవరు అంటించి పోస్టు చేసి వచ్చాను.

కార్డులు వెనక్కి వచ్చేశాయి. ఉత్తరం చిన్నది, మర్యాదగా ఉంది. నాలుగూ ముందువైపు ఎంతో చక్కగా ఉన్నాయని, కానీ వెనక ఎవరో పిల్లలు గీసినట్టున్నారని, అందువల్ల తీసుకోలేనని రాశాడు. ముప్పై ఒకటి కోసం ఇంకో ఆయన కూడా అడుగుతున్నాడు. నెలాఖరులోగా మేం వేరే నాలుగు పంపలేకపోతే అది ఆయనకు వెళ్లిపోతుంది.

ఆ ఉత్తరం మా ఇంటికే వచ్చింది. అత్త కూడా ఆ వేళ మా ఇంట్లోనే ఉంది. నేను చదివి చెప్పాను.

"పిల్లలా?" అంది. "పిల్లలు గీసినారంటాడేటి? నాలుగేళ్లయింది. ఆ నంబరు మీద ఒక్క కట్ట ఎనక్కి రాలేదు."

అమ్మ బియ్యం ఏరుతూ, "పోనీ వదినా, బొమ్మల కోసం ఇంత అలజడేటి? నువ్వు కూడా పిల్లల్లో జమ అయిపోయినావు," అంది.

"నాకు బొమ్మలెందుకమ్మా? అవి ఆయనవి," అంది అత్త. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పెట్టిన టీ అలాగే ఉంది.

నేను వెనకే వెళ్లాను. భుయ్యాడీ మలుపు దగ్గర కలిశాను. నడుస్తూనే చెప్పేశాను. శుభ్రంగా ఉండాలని పట్టీలో ఉందని, నాకు ముందే తెలుసని.

అత్త ఆగింది. "మరేల సెప్పలేదే?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడనేటి?"

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మా కాడ మచ్చ సూసి సెప్పనోళ్లని బల్ల దగ్గర నిలబెట్టరు," అంది, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ కాలేజీలో విన్న ఏ ఉపన్యాసం కంటే స్పష్టంగా గుర్తుంది.

రబ్బరు తెస్తానన్నాను. వద్దంది. "రుద్దితే పైపొర లేసిపోద్ది. ఇప్పుడైతే రాసినట్టు ఉన్నాది. అప్పుడు రాసి దాసినట్టు ఉంటాది. నేను ఎందుకేసినానో ఆయనకి రాయి. ఆ తరవాత ఆయనిష్టం."

మిగతా ఏడు కార్డుల్లో పంపదగ్గవి లేవని మా ఇద్దరికీ తెలుసు. ఒకటి రెండు పంపి చూద్దామని నేను అనలేదు. అన్నా ఆవిడ ఒప్పుకోదు.

ఆ ఉత్తరానికి నాకు నాలుగు పేజీలు పట్టింది. అప్పటిదాకా నేను ఎవరికీ నా మాటల్లో ఉత్తరం రాయలేదు. పుస్తకాల్లో చూసిన వాక్యాలే తిప్పి తిప్పి రాసేదాన్ని. ఈసారి అవేవీ పనికిరాలేదు. ఏరే గది ఎలా ఉంటుందో, రేకును ఎలా ఎత్తుతారో, ఆ అంకెకు అర్థమేమిటో రాశాను. డైరీలో రెండు భాగాలుగా రాసుకున్న పేజీని కూడా ఇంగ్లీషు చేసి పెట్టాను, ఆయన మాటకు ఎదురుగా అత్త మాట. మా తప్పు మాకు తెలుసనీ, కార్డు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టమనీ ముగించాను.

పది రోజులకు పోస్టుకార్డు వచ్చింది. ఆయన, భార్య బొంబాయిలో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. ఫలానా రోజు మధ్యాహ్నం బండి. టాటానగర్‌లో పది నిమిషాలు ఆగుతుంది. పెట్టె నంబరు ఇచ్చాడు. "ముప్పై ఒకటి నాతో తెస్తాను. మీ సెట్టు చూడాలని ఉంది. మీ అత్తగారిని అంతకంటే ఎక్కువగా చూడాలని ఉంది."

అత్త ఇంకొకామెతో షిఫ్టు మార్చుకుంది. తువ్వాలులో చుట్టిన బిస్కట్ల డబ్బాను ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది. బండి రాగానే లేచి, పరిగెత్తకుండా, గబగబా నడిచింది. ఆయనే మమ్మల్ని పోల్చుకున్నాడు. బక్కపల్చటి ముసలాయన, అంత ఎండలోనూ కోటు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. కిటికీలోంచి ఆయన భార్య మమ్మల్ని చూసి నవ్వి, ఆయన వైపు తిరిగి, మాకూ అర్థమయ్యేలా హిందీలో, "కబుర్లు పెట్టుకుంటే బండి పోతుంది, చెప్తున్నాను," అని హెచ్చరించింది.

"దీదీ," అని ఆయన అత్తకు నమస్కారం పెట్టి, జేబులోంచి రెండు పల్చటి కాగితాల మధ్య పెట్టిన కార్డు తీసి ఇచ్చాడు.

ముప్పై ఒకటి. ఎడంచేతి ఆటగాడు, ముందుకు వంగి నిలబడ్డాడు. వెనక ఆకుపచ్చ మైదానం. నా కళ్లకు అంత నిగనిగలాడే కార్డు మా సెట్టులో ఇంకొకటి లేదు. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

అత్త దాన్ని కాగితాల్లోంచి తీసి అంచులు పట్టుకుంది. ఎండకు వాల్చింది. తిప్పింది. తర్వాత బొటనవేలు ఎడమ అంచు మీద పైనుంచి కిందికి నడిపించింది. ఇంకోసారి నడిపించింది. కుడి అంచు మీద నడిపించింది. ఆవిడ మొహంలో ఏదో మారింది.

"గుంటా, ఈయనకి నువ్వు మర్యాదగా సెప్పు," అంది తెలుగులో, మెల్లగా. "ఎడమ పక్క కోసినారు దీన్ని."

ఆయన నవ్వుతూ నా వైపు చూస్తున్నాడు. ముసలాయన, అంత దూరం నుంచి జేబులో పెట్టుకుని తెచ్చాడు. "చాలా అరుదైన కార్డు అంటోంది అత్త," అన్నాను ఇంగ్లీషులో.

ఆయన మొహం వెలిగిపోయింది. అత్త మొహం వెలగలేదు.

"ఏటి సెప్పినావు?"

"నువ్వన్నదే."

"ట్రిమ్డ్ అన్న మాట నీ నోట్లోంచి రాలేదే."

ఆవిడకు ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో అబద్ధమాడాను. కానీ ఆ పట్టీలోని మాటలన్నీ ఆవిడకు అప్పటికే నోటికి వచ్చు. నేను తల దించుకునేలోగా అత్త ఆయన వైపు తిరిగి, కార్డు ఎడమ అంచును వేలితో చూపించి, "బాబూ, ట్రిమ్డ్," అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. "నహీ, దీదీ," అన్నాడు. లండన్ నుంచి పోస్టులో తెప్పించానని, ఎన్నో ఏళ్లుగా తన దగ్గరే ఉందని చెప్పాడు. అత్త వాదించలేదు. డబ్బా తెరిచి, మా ముప్పయ్యో కార్డును తీసి, ఆయన అరచేతిలో దాని మీద ముప్పై ఒకటిని పెట్టింది. కుడి అంచులు కలిపి పట్టింది. ఎడమవైపు కింది కార్డు దారమంత బయటికి కనిపించింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసేసి చూశాడు. కిటికీలోంచి భార్య "ఏమైంది?" అని అడిగింది. ఆయన బెంగాలీలో ఏదో చెప్పాడు. ఆవిడ మా అత్తను తేరిపార చూసి, "ఇన్నేళ్లలో ఈయన సామాను ముందు నిలబడి కాదన్న మనిషి నువ్వే, బహన్," అంది.

ఆయనకు కోపం వస్తుందని భయపడ్డాను. రాలేదు. ఇది ఇక ఫైన్ కాదు కాబట్టి ఊరికే తీసుకోమన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. అయితే ఇంటికి తిరిగి వెళ్లాక తన సెట్టులో ఉన్న రెండో ముప్పై ఒకటిని పంపిస్తానని, అది తప్పకుండా మంచిదని, దీదీ చూసి చెప్పవచ్చని అన్నాడు. నా మనసు ఎగిరింది. అత్త ఒప్పుకుంటే మామయ్య సెట్టులో మచ్చ లేని కార్డు చేరుతుంది.

"అది తీసి నాకిచ్చేత్తే మీ సెట్టులో ఏటి పెడతారు? ఈ కోసినదా?" అంది అత్త తన కర్మాగారం హిందీలో. "వద్దు బాబూ. మీది మీకాడే ఉండనీండి. నాకిదే కావాలి. ఇది సెకండ్. రాసినవి నాలుగున్నాయి నా దగ్గర, అవీ మీ లెక్కలో సెకండే. ఒక సెకండుకి ఒక సెకండు."

గార్డు ఈల వేశాడు. ఆయన భార్య కిటికీలోంచి చెయ్యి చాపి కోటు లాగుతోంది. అత్త నాలుగు కార్డులూ విసనకర్రలా పట్టుకుని చూపించింది.

"వీటిలో ఏది మంచిది?" అని ఆయన అడిగాడు.

అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రెండోది తీసి ఇచ్చింది. ఆయన బొమ్మ చూడలేదు. వెనక్కి తిప్పి నీలం అంకెను చూసి, జేబులో పెట్టుకుని, మెట్టెక్కాడు. బండి కదిలాక కూడా గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

టెంపోలో ఇంటికి బయల్దేరాం. నేనే అన్నాను, "నేను చెప్పి ఉండాల్సింది." "ఊఁ," అంది. డబ్బా మీద తువ్వాలు సర్దుకుంటూ, "ఆయన్ని సూసి నాకూ నోరు రాలేదు మొదట. అందుకే నీకు సెప్పమన్నాను. నీ మీద తోసేసినాను," అంది. అంతటి మనిషి అంత తేలిగ్గా ఆ మాట ఒప్పుకుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, ఆల్బమ్‌లో ఖాళీగా ఉన్న చోట కాగితపు మూలల్లోకి కార్డును మెల్లగా దూర్చింది. నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"ముప్పై ఒకటి కొట్టెయ్యి. పక్కన 'కోసినది' అని రాయి."

"మామయ్య ఉంటే అలా రాసేవాడా అత్తా?"

ఆవిడ నవ్వింది, చాలా రోజుల తర్వాత. "ఆయనా? ముద్దెట్టుకుని లోపల పెట్టేసేవోడు. అంచూ సూడడు, ఏటీ సూడడు. ఆయన సెట్టులో ఎన్ని సెకండ్లున్నాయో నాకు తెలవదనుకున్నావేటి? రాయి."

రాశాను. మామయ్య చేతిరాత పక్కన, నా చేతిరాతలో, ముప్పై ఒకటి, ఎడమ అంచు కోసినది. అత్త ఆల్బమ్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కో కార్డు మీదా వేలు పెట్టకుండా, గాలిలోనే చూపిస్తూ, చివరిదాకా లెక్కపెట్టింది. "యాభై," అంది. వెంటనే పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. నేను సిరా ఆరేదాకా నోటుబుక్కు మూయకుండా కూర్చున్నాను.